ఊరికే పంచిన ఏడుపు పాట

అది ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర. మందమర్రి కాలనీలో ప్రతి గుమ్మంలోంచీ కోడికూర వాసన వస్తున్న వేళ. ఆ రోజుల్లో నాకు వయసు అరవై దాటింది గానీ అక్షరాల్లో ఇంకా పసిపిల్లనే. కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి, నా మనవరాలి ఈడు టీచరమ్మ చేత తిట్లు తిని, మొత్తానికి నా పేరూ మా అక్క పేరూ రాయడం నేర్చుకున్నాను. చదువొచ్చిన కొత్తలో పిల్లలు గోడలన్నీ గీకుతారు చూడండి, నాకూ అలాగే లోకానికి ఏదో ఒకటి చెప్పాలనే దురద పుట్టింది. చెప్పడానికి నా దగ్గరున్నది ఒక్కటే, అక్క మీద నేను కట్టిన పాట.

అక్క సిరిసిల్లలో సాంచెల మీద బతికింది (కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు). ఒకరోజు ఆ సాంచె దగ్గరే కూలబడి మళ్లీ లేవలేదు. శవం పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఆ ఏడుపే పాటై వచ్చింది. 'సాంచె ఆగిందక్కో, సప్పుడాగిందక్కో, సగం బట్ట మీదుండంగ యాడికి వోతివక్కో' అని. అక్కకు పిల్లల్లేరు. సరైన ఫోటో కూడా లేదు (ఉన్న ఒక్కదాంట్లో కళ్లు మూసుకుంది). నేను పోతే పాట పోతుంది, పాట పోతే అలాంటి మనిషి ఒకతె పుట్టిందనే సంగతే ఎవరికీ తెలియదు. నా బాధంతా అదే.

డిగ్రీ చదివిన మా కోడలు ఫోన్లో పాట రికార్డు చేసి ముందు ఒక పెద్ద పాటల యాప్‌లో పెట్టబోయింది. "అత్తమ్మా, ఇది ఏ రకమని అడుగుతుంది. ప్రేమనా, భక్తినా, పార్టీనా?" అంది. "సావు అని రాయి" అన్నాను. ఆ రకం వాళ్ల దగ్గర లేదట. ఎలాగో భక్తిలో దూర్చింది. విని చూద్దామని నొక్కితే, పాటకు ముందే ఒకామె నవ్వుతూ పళ్ల పేస్టు గురించి చెప్పింది. నాకు ఒళ్లు మండింది. "మా అక్క శవం కాడ పేస్టు అమ్ముకునేటోడెవడే? తీసెయ్!" అన్నాను. పాపం, తీసేసింది. ఎవరి పెత్తనం లేకుండా ఇంటర్నెట్లో మాకు మేమే ఒక పేజీ చేసుకున్నాం. దాని మీద నేనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, 'ఈ పాట ఊరికే. ఎవరైనా తీసుకోండి. పాడుకోండి. అక్క పేరు మార్చకండి' అని కొట్టాను. నా జన్మలో నేను రాసిన పుస్తకం అదే అనుకోండి.

ఆ ఆదివారం ఆ పేజీలోంచి పాట ఫోన్లోకి దిగుతుందో లేదో చూశాం. దిగింది! మా ఆయన కూడా వినాలని నా ఆశ. బొగ్గు బావిలో పేలుళ్ల పక్కన ఏళ్ల తరబడి పనిచేసి ఆయన చెవులు మొద్దుబారాయి. అందుకని కోడలు పెద్ద స్పీకరు డబ్బా తెచ్చి, ఎంత వరకు తిరుగుతుందో అంతా తిప్పింది. ఆయన తిని మంచమెక్కి, ఈగలకు మొహం మీద తువ్వాల కప్పుకుని, "పెట్టు, ఇంట" అన్నాడు. పాట మొదలవకముందే నిద్రపోయాడు.

మా కాలనీలో ఏడుపు వినబడితే ఎవరు పోయారని ఎవరూ అడగరు. ముందు వచ్చి ఏడుస్తారు, అడగడం తర్వాత. మొదట వచ్చింది సైరన్ చెల్లె. (గొంతును బట్టి కాలనీ పెట్టిన పేరు.) చేతికి ఉప్పూకారం అలాగే ఉంది. మంచం మీద తువ్వాల కప్పుకున్న మనిషిని చూసి, "ఓ బావో!" అని మీద పడింది. వెనకే పక్కింటి పెద్దవ్వ వచ్చి నా తలను తన పొట్టకేసి అదిమి పట్టుకుంది. ఎవరూ పోలేదని చెబుదామంటే నోరు తెరిచే సందు లేదు. ఎదురు వరుస ఇంటి తోటికోడళ్లిద్దరూ కూర్చుని శోకం అందుకున్నారు. డబ్బాలో నేనూ, నేల మీద వాళ్లూ. బొగ్గు బావి మనిషి మీద పడి 'సగం బట్ట మీదుండంగ' అని ఏడుస్తున్నారు, ఎవరికీ అనుమానం రాలేదు! నా పాట మొదటిసారి వేరే నోళ్లలో విన్నాను. పెద్దవ్వ పొట్టలో మొహం దాచుకుని నేను నిజంగానే ఏడ్చాను.

ఆ బరువుకు మా ఆయన లేచి కూర్చున్నాడు. "ఏందే గీ లొల్లి? ఎవలు పోయిండ్రు?"

"నువ్వే బావా!" అంది సైరన్ చెల్లె, ఏడుపు ఆపకుండానే.

కాలనీలో ఏ చావైనా, శవాన్ని ఉంచే ఫ్రీజర్ డబ్బా తెప్పించడం దగ్గర్నుంచి పనులన్నీ మీదేసుకునే ఫ్రీజర్ తమ్ముడు గుమ్మంలో ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, డబ్బా వద్దే... ఆ, వద్దు... లేసిండు" అంటున్నాడు.

పెద్దవ్వ ముక్కు తుడుచుకుంది. "బతికున్నోళ్ల ఇంట్ల గిసొంటివి పెడతరా బిడ్డా? జర బుద్ధుండాలె."

"పాట ఎట్లుంది పెద్దవ్వా?" అన్నాను.

"పాటేంది? నేను ఏడుపనుకున్న" అని వెళ్లిపోయింది. ఒక్కొక్కరే లేచి కూరలు మాడుతున్నాయంటూ పోయారు. కోడలు స్పీకరు డబ్బా తీసి లోపల పెట్టింది.

పేజీ ఇప్పటికీ ఉంది. ఊరికే ఇచ్చినా తీసుకున్నవాళ్లు నాకు కనబడలేదు. సైరన్ చెల్లె పోయినప్పుడు వెళ్లి కూర్చుని, ఎవరూ అడక్కుండానే నా పాట ఎత్తుకున్నాను. ఫ్రీజర్ డబ్బా పక్కన ఎవరో ఫోన్లో భజన పెట్టి ఉంచారు. "అమ్మా, జర మెల్లగా" అన్నారు. ఆపేశాను. ఈ మాటలు రాస్తుంటే నవ్వూ వస్తోంది, ఆ ఆదివారం నాటి నన్ను, ఆ ముసలిదాన్ని తలచుకుని.

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్లు: తువ్వాల కింద మా ఆయన, స్పీకరు దగ్గర కోడలు, సైరన్ చెల్లె, పెద్దవ్వ, ఎదురు వరుస తోటికోడళ్లిద్దరు, గుమ్మంలో ఫ్రీజర్ తమ్ముడు. ఇంకా, లోకమంతా నా పాట అందుకుందని కాసేపు నమ్మిన నేను.