నల్లసెరువు కొరమేను ఎవలు పట్టినట్టు?

మా సిన్నప్పుడు... ఎండాకాలం సెలవుల్లో, మా మావోలి ఊరు నల్లసెరువు గట్టు మీద నాకో అన్యాయం జరిగింది. యాభై ఏళ్లు దాటిపోనాది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను. ఇయ్యాల కక్కీస్తన్నాను.

గజపతినగరం దగ్గర మా అమ్మ కన్నోరి ఊరు. సెలవులిస్తే నానక్కడే... నానూ, మా మావ కొడుకు రాములు బావా, ఆడి సెల్లెలు పైడమ్మా. ఎండలకి సెరువు నడుం లోతుకి వచ్చీసీది. ఎదురుకర్ర, దారం, జీలుగు బెండు... అదే గేలం. వానపాముల్ని మేం ఎర్రలంటాం. ఎర్రని గుచ్చి, దాని మీద తుపుక్కున ఉమ్మి, నీళ్లల్లోకి ఇసరాల. ఉమ్మకపోతే సేప మూతి కూడా పెట్టదు.

పైడమ్మకి ఎర్రలు ఏరడం వరకే. ఆడపిల్ల గేలం ముట్టుకుంటే సేప పడదనీవోరు పెద్దోలు. ఆ మాట నానూ అన్నోడినే... అబద్దమెందుకు.

ఆ దినం పొద్దున్నించీ ఒక్క సేప లేదు. ఎర్రలు అయిపోనాయి. ఆఖరిది నా గేలానికే ఉన్నాది.

"బావా, సెరువు నీళ్లొదిలీ మదుం కాడ తడిమట్టిలో ఎర్రలు తవ్వుకొస్తాను. నా గేలం పట్టు" అన్నాను. అంతే. పట్టు అన్నాను...

తిరిగొచ్చీసరికి గట్టు మీద మోసేతి పొడుగు కొరమేను ఎగిరెగిరి పడతన్నాది! పక్కన మా బావ నడుం మీద సెయ్యేసుకుని "నానే పట్టాను! నానే పట్టాను!" అని కేకలు. పైడమ్మ మోకాళ్ల దాకా బురదతో నిలబడున్నాది. ఆ బురదేటని ఆవేళ నాను అడగలేదు. అక్కడే దెబ్బతిన్నాను.

నా గేలం, నా ఎర్ర, నా ఉమ్ము... సేప మాత్రం ఆడిదట! గేలం పట్టుకున్నోడల్లా సేప పట్టినోడైపోతాడా? ఆ పూట పులుసులో తలకాయ ముక్క కూడా మా అత్త ఆడికే ఏసింది.

ఆ పైనుంచి ఏ పెళ్లికెల్లినా ఆడిది అదే కత. మొన్న నరసన్నపేటలో పెళ్లికొడుకు సేతిలో మైకు లాక్కుని మరీ సెప్పాడు. సెప్పినప్పుడల్లా ఆ సేప జానెడు పెరుగుతాది. ఇప్పుడది మొసలంత అయ్యింది.

ఈ ఏసవికి ఎవడి గేలానికి సేప పడతాదో తేల్చీద్దుమని నల్లసెరువుకే బయల్దేరతన్నాను. సెరువుని ఏలంపాటలో పాడుకున్న ఆయన్ని అడిగాను. "వలేసి పట్టడం అయిపోనాది తాతా, గేలమేసుకుంటే ఏటి పోతాది, రండి" అన్నాడు. నాలుగు దినాల కిందట వరండాలో కూకుని గేలాలకి దారం కడతన్నాను. మా ఇంటిది సింతపండు ఈనెలు తీస్తన్నాది. మా ఇంటిదంటే ఎవలు? ఆ పైడమ్మే.

"ఎన్నాళ్లు కొట్టుకు సస్తారయ్యా మీ బావాబామ్మర్దులు? ఆ సేప నీదీ కాదు, మా అన్నదీ కాదు. లాగింది నాను" అంది.

"నువ్వా?!"

"మరేటి, దెయ్యం లాగిందా? నువ్వటెల్లగానే మా అన్న గేలం బురదలో గుచ్చీసి ముంజికాయలకి పోనాడు. బెండు ములిగిపోనాది. దిగి లాగీసాను."

"అప్పుడే సెప్పొచ్చు కదే!"

"గేలం ముట్టుకున్నానంటే మా అమ్మ ఈపు సీరీదూ? అందుకే నానే పట్టానని సెప్తానన్నాడు మా అన్న. నన్ను కాసాడు."

"కాసాడో, కాజేసాడో... మరి పెళ్లయ్యాకైనా సెప్పలేకపోనావా?"

"మీరిద్దరూ కొట్టుకుంటంటే సూడ్డానికి బాగుండీది" అని మళ్లీ సింతపండులో పడిపోనాది.

ఇనండి బాబూ! మా బావ సేపా పట్టలేదు, గేలమూ పట్టలేదు. ఆడు పట్టింది ముంజికాయ! పోనీ నాను పట్టానా? లేదు. కానీ పట్టినోలు ఇప్పుడెవలింటి మడిసి? మా ఇంటి మడిసి. అంటే ఆ కొరమేను మా ఇంటికే వచ్చినట్టు. గెలిసాను!

ఇప్పుడు నల్లసెరువు గట్టుకి రాళ్లు పేర్చీసారు. మదుంకి ఇనప తలుపెట్టీసారు. బజార్లో జీలుగు బెండు అడిగితే కొట్టోడు నా మొకం సూసాడు. ఎర్ర మీద ఉమ్మీవోడు ఒక్కడూ కనబడ్డు... మీ ఇళ్లల్లోనూ ఒకలు పట్టిన సేపకి ఇంకొకలు పేరు సెప్పుకునుంటారు. మీ అక్కనో, అమ్మనో ఒకసారి అడగండి. ఏటి సెప్పిందో కింద రాయండి.

ఒరే బావా, నీకైతే గడువు ఉన్నాది. ఆదివారం పొద్దున్నే నల్లసెరువు మదుం కాడికి మూడు గేలాలు తెస్తన్నాను. మొదటిది నీ సెల్లెలికి. ఎర్ర మీద ఉమ్మీదీ ఆవిడే. నువ్వు రావాలంటే, శనివారం పొద్దుగూకీలోగా ఇక్కడే, ఇంతమందీ సూసీటట్టు రాయి...

ఆ కొరమేను ఎవలు పట్టారు?