ఉపగ్రహం మీద కుళ్లుకున్న చలికాలం

ఆ రోజుల్లో నాకు ఆకాశమంటేనే గిట్టేది కాదు. ఆ రోజులంటే మరీ వెనకటివనుకునేరు, ఈవేళ గాలి ఎలా ఉందో ఫోనులో చూసుకోవడం జనానికి అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులు. ఎమ్మెస్సీ అయ్యాక నేను చేరిన మొదటి ఉద్యోగం అది. దేశంలో గాలి ఏటికేడు ఎక్కడ బాగుపడుతోంది, ఎక్కడ పాడవుతోంది అన్నది ఉపగ్రహం కొలతలతో తేల్చే ప్రాజెక్టు. అందులో మా రెండు జిల్లాల తరఫున ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు మా వదిన, అంటే మా మేనమామ కూతురు. నాకంటే మూడు నెలలు పెద్ద (ఆ మూడు నెలల్నే ముప్ఫై ఏళ్లలా వాడుకునేది). రెండోదాన్ని నేను. వదినకి విజయనగరంలో ఏసీ గది, రెండు తెరల కంప్యూటరు, ఆపైన సాక్షాత్తూ ఉపగ్రహం. నాకు నరసన్నపేటలో ఒక అద్దె మేడ, దానిమీద రోజంతా గుర్రుమంటూ గాలి పీల్చే యంత్రం. పొద్దున్నే మేడెక్కి, నిన్నటి వడపోత కాగితం తీసి, కొత్తది పెట్టి, పాతదాని మీద ఎంత దుమ్ము పట్టిందో తూచి పుస్తకంలో రాయాలి. అంతే నా సైన్సు.

వదిన చేసే పటం మాత్రం చూడటానికి రెండు కళ్లూ చాలవు. దేశం మొత్తం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వెలిగిపోయేది. ఒక మీట నొక్కితే సంవత్సరాలు గడిచిపోయేవి, ఒకచోట ఎరుపు తగ్గేది, ఇంకోచోట పాకేది. ఆఫీసుకి ఎవరొచ్చినా పెద్దసారు ముందు ఆ పటమే చూపించేవారు. నా కాగితాలు బూడిద రంగు బిళ్లల్లా ఒక డబ్బాలో పడుండేవి. పరాయివాళ్ల సంగతి సరే, నన్ను కన్న తల్లే మేనకోడల్ని చూసుకుని మురిసిపోయేది. చుట్టాలెవరైనా మా ఉద్యోగాల గురించి అడిగితే, "మా మేనకోడలు ఆకాశం మీంచి దేశం మొత్తం సూస్తాది. ఇదేమో మేడెక్కి దుమ్ము తూస్తాది" అని నా ఎదుటే చెప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది. కుళ్లు అనండి, ఏడుపు అనండి, ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. మబ్బు పడితే ఉపగ్రహానికి కింద ఏమీ కనపడదని తెలిసిన దగ్గర్నుంచి నేను మబ్బుల కోసం మొక్కుకోవడం మొదలుపెట్టాను (మా ఊళ్లో రైతులు కూడా అంత భక్తిగా మొక్కి ఉండరు).

ఇంతలో దిల్లీ మీటింగు వచ్చింది. ఇద్దరిలో ఒకరికే అవకాశం, అదీ విమానంలో. ఉపగ్రహం పైనుంచి గాలినంతా ఒక్కటిగా చూసి, అందులో మన ముక్కుదాకా వచ్చేది ఎంతో అంచనా కడుతుందనీ, ఆ అంచనా నిజమో కాదో చెప్పాల్సింది నేలమీది కాగితమేననీ పెద్దసారు చెప్పారు. రెండూ కలవనిచోట ఎందుకు కలవలేదో తేల్చినవాళ్లే దిల్లీ వెళ్తారన్నారు. ఆ చలికాలం రెండూ కలవనే లేదు. వదిన పటంలో నరసన్నపేట లేత పసుపు. నా కాగితాలు చూస్తే కాటుక. ఉపగ్రహం లెక్క తప్పింది, నేను గెలిచాను అని లోలోపల గంతులేశాను.

కాటుక ఎక్కడిదో నాకు తెలుసు. అదే ఇందులో సిగ్గుపడాల్సిన సంగతి. మేడ కింద ఇంటివాళ్ల మామ్మ తేగలు అమ్మేది. తెల్లారేసరికి కుండలో తేగలు పేర్చి, చుట్టూ తాటికమ్మలేసి కాల్చి తంపటి పెట్టేది. ఆ పొగ గోడ పట్టుకుని తిన్నగా నా యంత్రం నోట్లోకి వెళ్లేది. ఉపగ్రహానికి నరసన్నపేటా చుట్టుపక్కల పల్లెలూ అన్నీ కలిపి ఒక్క గడి, ఒక కుండ కింద మంట దానికేం తెలుస్తుంది? నా పుస్తకంలో మాత్రం 'దగ్గర్లో పొగ ఏమైనా ఉందా' అని ఒక గడి ప్రత్యేకంగా ఉండేది. అందులో నేను రోజూ 'ఏమీ లేదు' అని రాసేదాన్ని, ఒక చేత్తో కలం, ఇంకో చేత్తో వేడివేడి తేగ పట్టుకుని.

వదిన వాదిస్తుందనుకున్నాను. వాదిస్తే నాలుగు మాటలనడానికి సిద్ధంగా ఉన్నాను. కానీ ఆవిడ నా అంకెలు నమ్మేసింది. మన తీరంలో చలికాలపు గాలిని ఉపగ్రహం సరిగ్గా పట్టుకోవట్లేదని తేల్చుకుని, వారం రోజులు కూర్చుని పటం తిరగరాసింది. నౌపడ దాకా తీరమంతా ఎర్రబడింది, గాలి ఏటేటా పాడవుతున్నట్టు పటం పక్కనుండే గీత పైకి లేచింది. అయినా తృప్తి లేక, ఒకసారి యంత్రాన్ని కళ్లారా చూస్తానని ఒక సాయంత్రం బస్సు దిగి, నా గదిలోనే పడుకుని, పొద్దున్నే నాతో మేడెక్కింది.

మామ్మ ఇద్దరికీ తేగలు పంపింది. వదిన ఒకటి ఒలుచుకుని తింటూ దగ్గింది. కళ్లు తుడుచుకుంది. పిట్టగోడ మీంచి కిందకి వంగి చూసి, ఈ మంట రోజూ ఉంటుందా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే కిందనుంచి మామ్మ చెప్పేసింది.

"కార్తీకం ఎల్లిన కాడ్నుంచి రోజూ ఏస్తన్నానమ్మా. నీ మరదలికి తెలీదేటి? రోజూ నాలుగు తినీసి గాని కిందకి దిగదు."

వదిన పుస్తకం తీసింది. పేజీ తిప్పితే 'ఏమీ లేదు', ఇంకో పేజీ తిప్పితే 'ఏమీ లేదు', అన్నీ నా గుండ్రటి చేతిరాతే. తిడుతుందని తల దించుకున్నాను. ఆవిడ పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది.

"నేను సారుకి సెప్పను, నువ్వే సెప్పుకో" అంది. "నీ కాగితాలు నమ్మి నా పటం మొత్తం మార్సీసినానే. అది దిల్లీ ఎల్తే నిజమైపోతాది."

ఆ రోజు విజయనగరం బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని వెళ్లాం. పెద్దసారు ముందు నిలబడి సంగతంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, తేగలు బాగుంటాయా అని అడిగారు. బాగుంటాయండీ అన్నాను (అంతకంటే తెలివైన జవాబు ఇప్పటికీ తట్టలేదు). తర్వాత ఎర్ర పెన్ను నా చేతికే ఇచ్చి, ఆ రోజులన్నీ కొట్టేయమన్నారు. దిల్లీకి వదిన వెళ్లింది. వెళ్లకుండా ఎలా ఉంటుంది.

మీటింగు అయిన సాయంత్రం ఫోను చేసింది. నరసన్నపేటలో అన్ని రోజులు ఎందుకు తీసేశారని అక్కడొకాయన గట్టిగా అడిగాడట. తీసేయమన్నది కొలిచిన అమ్మాయేననీ, తన తప్పు తనే వచ్చి చెప్పింది కాబట్టి ఆమె మిగతా అంకెలన్నీ కళ్లు మూసుకుని నమ్ముతాననీ వదిన చెప్పిందట. దానికి హాలంతా చప్పట్లు కొట్టిందట. ఫోను పెట్టేసి మేడమీద ఒక్కదాన్నీ కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఇప్పుడు, అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఎందుకంటే అంత ఏడుపులోనూ, అంత మంచి మాట దిల్లీలో మైకు పట్టుకుని చెప్పింది కూడా వదినే కదా అని మళ్లీ కుళ్లుకుంది.