నేల తాతను నవ్వించిన బ్యాటరీ

లియావ్ జిన్‌జి మనిషి చూడబోతే పిడికెడంత ఉంటుంది గానీ భుజాలు మాత్రం బస్తాలు మోసే మగాడి భుజాలు. నలభై ఏళ్లుగా రెండు చేతులూ తలకు పైన ఎత్తి బొమ్మలాడించిన భుజాలవి. కుడి చేతికి ఒక బొమ్మ, ఎడమ చేతికి ఒక బొమ్మ తొడుక్కుని, లారీ మీద కట్టిన రంగుల వేదిక చాటున నిలబడి, ఆవిడ రాజులను గెలిపించింది, రాక్షసులను చంపింది, సన్యాసులను గాలిలో ఎగరేసింది. యున్‌లిన్ జిల్లా గుళ్లలో ఆవిడ చేతివాటం గురించి రెండో మాట లేదు. అన్నీ చేసింది కానీ ఆ బొమ్మల్లో ఒక్కదానికీ ఏనాడూ తన గొంతు ఇవ్వలేదు.

గొంతు వాళ్ల నాన్నది. ముసలమ్మ దగ్గర్నుంచి దెయ్యం దాకా పదహారు గొంతులు ఆయనొక్కడే పలికేవాడు. ఇరవయ్యో ఏట జిన్‌జి ఒకసారి ముచ్చటపడి సేనాపతి మాటలు చెప్పబోతే, "చేతులు నీవి, గొంతు నాది. నీ గొంతుతో సేనాపతి అరిస్తే శత్రువు పారిపోడే, పెళ్లిచూపులకొస్తాడు!" అని నలుగురి ముందూ పగలబడి నవ్వాడు. అంతే, ఆ పిల్ల మళ్లీ నోరు తెరిస్తే ఒట్టు. ఆయన పోయి పదకొండేళ్లయింది. పోయేలోగా ఇరవయ్యారు ఆటలూ తన గొంతుతో రికార్డు చేసి పెట్టాడు. అవిప్పుడు ఒక ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. మీట నొక్కితే నాన్న మాట్లాడతాడు, కూతురు ఆడిస్తుంది.

ఆ ల్యాప్‌టాప్ కొని తొమ్మిదేళ్లు. దాన్ని సాకినట్టు ఆవిడ కన్నబిడ్డల్ని కూడా సాకలేదని మొగుడు ఆటెక్ ఎప్పుడూ సాధిస్తుంటాడు. ఇంట్లో ఉన్నా, లారీలో ఉన్నా దానికి ఛార్జర్ తగిలించి ఉండాల్సిందే. మూలన నూరు శాతం అని కనిపించకపోతే ఆవిడకు ముద్ద దిగదు.

"తొంభై ఏడుకి దిగింది చూడు! చిక్కిపోయింది పాపం. నీకు కళ్లు లేవా, ముసలి కోతీ?" అని మొగుణ్ని కేకలేసేది.

"నేను డెబ్భై కిలోల నుంచి అరవైకి దిగాను, నన్నడిగావా ఎప్పుడైనా?" అనేవాడు ఆటెక్.

ఆయన పని లారీ నడపడం, జనరేటర్ చూసుకోవడం, తిట్లు తినడం. మూడూ శ్రద్ధగానే చేస్తాడు.

హౌకెంగ్ అని వెల్లుల్లి పండించే ఊరొకటి ఉంది. వాళ్ల పంచాంగంలో రెండో నెల రెండో తేదీ, ఊరి పొలాలను కాచే దేవుడు నేల తాత పుట్టినరోజు. ఆ చిన్న గుడి ముందు జిన్‌జి వాళ్ల నాన్న కాలం నుంచి, ముప్పై ఒక్క ఏళ్లుగా వీళ్లదే ఆట. ఆ రోజుల్లో వెల్లుల్లి తవ్వకాలు. ఊరంతా పొలాల్లో ఉంటుంది. ఆట చూసేది నేల తాత, ఇద్దరు ముసలమ్మలు, ఒక కుక్క. అయినా ఆట మధ్యలో ఆగకూడదు. ఆట మనుషుల కోసం కాదు, దేవుడి కోసం. దేవుడి ముందు తెగితే ఊరికి అరిష్టమంటారు.

నిరుడు తెగింది. మూడో అంకంలో జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. ఆటెక్ పోసి తిప్పింది ఒక్క నిమిషంలోనే. స్పీకర్లలో వాటి బ్యాటరీ వాటికి ఉంది కాబట్టి అవి ఆగలేదు. నూరు శాతం చూపించిన ల్యాప్‌టాప్ మాత్రం ఆ నిమిషం కూడా బతకలేదు. అది మళ్లీ లేచి, ఆట ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకునేసరికి పదకొండు నిమిషాలు. అంతసేపూ సేనాపతి బొమ్మ కత్తి పట్టుకుని వెర్రి చూపులు చూస్తూ నిలబడింది.

గుడి ఉత్సవాలు నడపడానికి ఆ ఊళ్లో ధూపపెద్ద అని ఒకరుంటారు. ఖు సుయిలాయ్ అనే వెల్లుల్లి రైతు ఇప్పుడు ధూపపెద్ద. ఈ ఏడు ఆట ఖాయం చేయడానికి వెళితే ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"చూడమ్మా జిన్‌జి, మీ నాన్న మొహం చూసి ఈసారికి పిలుస్తున్నా. మళ్లీ మధ్యలో ఆగిందా, వచ్చే ఏటికి లేజర్ లైట్ల ట్రూపుకి చెప్పేస్తా. వాళ్ల బొమ్మలు నిప్పులు కక్కుతాయంట."

"మా బొమ్మలు కక్కకపోయినా నేను కక్కుతానన్నా, చూస్తూ ఉండు," అని వచ్చేసింది. మిగతా ఊళ్లు ఎన్నున్నా నాన్న పేరు చెప్పి పిలిచే గుడి అదొక్కటే మిగిలింది. అది కూడా పోతే ఆయన నిజంగా పోయినట్టేనని ఆవిడకు గట్టిగా అనిపించింది.

మరి బ్యాటరీ నిలబడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇంకెవరైనా అయితే కొట్టుకు తీసుకెళతారు. జిన్‌జి తిన్నగా నేల తాత దగ్గరికే వెళ్లింది. చంద్రవంకల్లాంటి రెండు ఎర్ర చెక్కలు దోసిట్లో పట్టుకుని మోకరిల్లింది. వాటిని నేల మీదికి వేసినప్పుడు ఒకటి బల్లపరుపు వైపు, ఒకటి బొజ్జ వైపు పడితే తాత సరేనన్నట్టు. రెండూ బొజ్జ పైకి పడితే కాదన్నట్టు. రెండూ బల్లపరుపు వైపే పైకి పడి ఊగాయంటే తాత నవ్వుతున్నట్టు.

"తాతా, తొమ్మిదేళ్లుగా నూరు తగ్గకుండా మేపాను. ఈసారి నిలబడుతుంది కదూ?"

నవ్వు పడింది. మళ్లీ వేసింది. నవ్వు. మూడోసారీ నవ్వే.

"తాత సంతోషించాడు," అంది జిన్‌జి.

"సంతోషం కాదే అది. అడగడం తేడాగా ఉంటే నవ్వుతాడు. దేవుడికే నవ్వొచ్చిందంటే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే," అన్నాడు ఆటెక్. ఆవిడ మండిపడింది గానీ, మర్నాడు తెల్లారగానే ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని హువెయ్ బజారులో వెంగ్ యాచున్ కంప్యూటర్ రిపేరు కొట్టుకు వెళ్లింది.

యాచున్‌కి నలభై ఏళ్లుంటాయి. చేతిలో ఎప్పుడూ స్క్రూడ్రైవరు, నోట్లో ఎప్పుడూ వేయించిన వేరుశెనగలు. ఏవో నాలుగు మీటలు నొక్కి తెర తిప్పి చూపించింది.

"ఇదిగో అక్కా, దీని జాతకం. కొత్తలో ఇందులో నలభై ఎనిమిది పాళ్ల కరెంటు పట్టేది. ఇప్పుడు పట్టేది ఏడు."

"అదేంటి? నూరు శాతం ఉంటే!"

"ఆ ఏడులో నూరు శాతం. గిన్నె కుంచించుకుపోయింది, నువ్వు నిండిందా లేదా అనే చూస్తున్నావు. ఆ ఏడైనా కాగితం మీదే. ముసలి బ్యాటరీ కదా, లోడు పడగానే కూలబడుతుంది. కావాలంటే చూడు." యాచున్ తీగ పీకింది. ఒక వేరుశెనగ ఒలిచింది, రెండోది ఒలిచింది, పన్నెండోదానికి తెర ఆరిపోయింది.

జిన్‌జికి పౌరుషం వచ్చింది. "ఇన్నేళ్లలో దాన్ని వాడిందెక్కడ? ఎన్నిసార్లు ఖాళీ చేశానో కూడా నీ మెషీన్ చెబుతుందిగా, చెప్పమను!"

"అరవై మూడు సార్లు."

"చూశావా! ఎంత పొదుపుగా చూసుకున్నానో!"

"అదే అక్కా, కొంప ముంచింది! వాడితే అరుగుతుంది, నిజమే. వాడకుండా ఎప్పుడూ నిండుగా పెడితే కూడా లోపల్లోపల పాడవుతుంది. అందులోనూ ఎక్కడ పెడతావు దీన్ని? స్టేజీ దీపాల కిందేగా? లోపల నిండుతనం, పైన వేడి. ఇంకెక్కడ బతుకుతుంది?" అని జిన్‌జి మొహం చూసి యాచున్ కాస్త మెత్తబడింది. "నువ్వు బొమ్మను ఎత్తి పట్టుకుని ఆడించకుండా ఊరికే నిలబడితే చెయ్యి ఎలా ఉంటుంది?"

"చచ్చిపోతుంది. ఆడించినా అంత లాగదు."

"ఇదీ అంతే. తొమ్మిదేళ్లు చెయ్యి దించనివ్వలేదు నువ్వు దాన్ని."

ఆ మాట జిన్‌జికి ఎక్కడో తగిలింది. చేతి సంగతి ఆవిడకు ఒకరు చెప్పాలా! పాపం, ఎంత లాగి ఉంటుందో అని ల్యాప్‌టాప్ వీపు నిమిరింది. కొత్త బ్యాటరీ రావడానికి పది రోజులన్నారు. నేల తాత పుట్టినరోజు మూడు రోజుల్లో.

"అంతవరకు తీగ ఊడకుండా చూసుకో, చాలు. కరెంటు ఉన్నంతసేపు దీనికేం కాదు," అంది యాచున్.

పుట్టినరోజు మధ్యాహ్నం ఆటెక్ జనరేటర్ నిండా డీజిల్ పోసి, పక్కనే కుర్చీ వేసుకుని, కదిలితే ఒట్టన్నట్టు కూచున్నాడు. మొదటి అంకం బాగా నడిచింది. రెండోది ఇంకా బాగా. ముసలమ్మలిద్దరూ కునుకుతున్నారు, కుక్క నిద్రపోయింది. మూడో అంకంలో తెల్లగడ్డం సేనాపతి, నల్లమొహం రాక్షసుడు కత్తులెత్తారు. సరిగ్గా అప్పుడు సుయిలాయ్ పొలం నుంచి ఆలస్యంగా వచ్చి, దేవుడికి నైవేద్యం పెట్టే తాబేలు ఆకారపు ఎర్ర పిండివంటల పళ్లెం మోసుకుంటూ లారీ పక్కనుంచి పరిగెత్తాడు. కాలికి జనరేటర్ నుంచి ల్యాప్‌టాప్‌కు వెళ్లే తీగ తగిలింది. పళ్లెం ఒకవైపు, ధూపపెద్ద ఒకవైపు. తీగ కొస తెగి ఆయన చెప్పుకు చుట్టుకుంది.

వేదిక చాటు నుంచి అది చూసి జిన్‌జి లోపల్లోపల లెక్కపెట్టింది. పన్నెండు వేరుశెనగలు. సరిగ్గా అంతే. "ఓరీ నీచుడా, నా చేతిలో నీ..." అన్న దగ్గర నాన్న గొంతు తెగిపోయింది.

నిశ్శబ్దానికి కుక్క లేచింది. ముసలమ్మలు లేచారు. పక్క పొలంలో వెల్లుల్లి కట్టలు కడుతున్నవాళ్లు తలెత్తి చూశారు. జిన్‌జి చేతులు రెండూ పైనే ఉన్నాయి. దించితే ఆట తెగినట్టు. ముప్పై ఏడేళ్ల కిందటి నాన్న నవ్వు చెవిలో మోగింది. ఒకపక్క చేతులు లాగేస్తున్నాయి. అప్పుడు కోపమొచ్చింది ఆవిడకు. నాన్న మీదో, సుయిలాయ్ మీదో, తన మీదో తెలియదు. చేతులు దించకుండానే, పక్కన స్టాండుకున్న స్పీకరు మైకు దగ్గరికి నోరు వంచింది.

"ఏరా రాక్షసా!" అన్నాడు సేనాపతి. సన్నటి గొంతు, కొంచెం బొంగురు. "నోరు పడిపోయిందేంరా?"

"నన్నంటావేం? ముందు పోయింది నీ నోరే!" అన్నాడు రాక్షసుడు. "పొద్దున నూరు శాతం అని గొప్పలు పోయావుగా!"

"నూరే! మా ఇల్లాలు తొమ్మిదేళ్లు తగ్గనివ్వకుండా మేపింది!"

"అందుకే ఏడ్చావు. కత్తి ఎత్తి ఎంతసేపైంది?"

"చాలాసేపైందిరా."

"చెయ్యి ఎలా ఉంది?"

"ప్రాణం పోతోంది!"

"బ్యాటరీకీ అంతే. దించు, దించు. ఎవరూ చూడట్లేదులే, పోరు తర్వాత చేసుకుందాం."

ముసలమ్మ ఒకావిడ కిసుక్కున నవ్వింది. పొలంలోవాళ్లు కట్టలు వదిలేసి గట్టెక్కారు.

"ఇంతకీ తీగ తన్నిందెవర్రా?" అన్నాడు సేనాపతి.

"ష్! ధూపపెద్దగారు! వచ్చే ఏడు మనల్ని పిలవాల్సింది ఆయనే. తన్నలేదు, దణ్ణం పెట్టారని చెప్పు!"

గుడి ముందు నవ్వులు గుప్పున లేచాయి. పిండి తాబేలు ఒకటి చేత్తో పట్టుకుని నేల మీదే కూచున్న సుయిలాయ్ కూడా నవ్వలేక నవ్వలేక నవ్వేశాడు. ఆటెక్ తీగ అతికేలోగా, ల్యాప్‌టాప్ లేచేలోగా పద్నాలుగు నిమిషాలు సేనాపతీ రాక్షసుడూ పోట్లాడుకుంటూనే ఉన్నారు. అప్పటికి నలభై మంది పోగయ్యారు. హౌకెంగ్‌లో ఈ పదేళ్లలో అంత జనం చూడలేదు.

ఆట ముగిశాక పంచాయితీ వచ్చింది. ఆట తెగినట్టా, తెగనట్టా? సుయిలాయ్ బట్టలు దులుపుకుని చెక్కలు పట్టుకున్నాడు. "తాతా, ఆట తెగిందంటావా?" నవ్వు పడింది. మళ్లీ నవ్వు. మళ్లీ నవ్వు.

"తీగ తన్నినోడివి నువ్వేం అడుగుతావు, తప్పుకో!" అంది నవ్విన ముసలమ్మ. "ఆ పిల్లని అడగనీ."

యాభై ఏడేళ్ల పిల్ల మోకరిల్లింది. "తాతా, వచ్చే ఏడు నన్ను రమ్మంటావా?" ఒకటి బల్లపరుపు, ఒకటి బొజ్జ. మూడుసార్లూ అంతే. జిన్‌జి లేవబోతుంటే ముసలమ్మ వదల్లేదు.

"నాన్న గొంతుతోనా, నీ గొంతుతోనా, అది కూడా తేల్చుకో."

జిన్‌జి చెక్కలను పళ్లెంలో పెట్టేసి, "అది తాతను అడిగేది కాదు, అవ్వా," అంది.

కొత్త బ్యాటరీ వచ్చింది. ఎనభై దాకానే నిండేలా యాచున్ కట్టడి చేసి ఇచ్చింది. దీపాల కింద నుంచి ల్యాప్‌టాప్ గాలి తగిలే చోటుకు మారింది. "పాపం, కడుపు నిండా పెట్టట్లేదు," అని ఇప్పుడు ఆటెక్ బాధపడుతుంటాడు.

మళ్లీ రెండో నెల రెండో తేదీ వచ్చింది. తవ్వకాలు ఆపుకుని ఊరు ఊరంతా గుడి ముందు బల్లలేసుకుని కూచుంది. అందరూ ఎదురుచూస్తున్నది మూడో అంకం కోసం. సేనాపతి కత్తెత్తగానే, నాన్న గొంతు ఆపడానికి ముందు చెప్పుకున్నట్టే, ఆటెక్ వెనక నుంచి తీగ పీకేశాడు.

నాన్న ఆగలేదు. "ఓరీ నీచుడా, నా చేతిలో నీ చావు రాసిపెట్టి ఉంది!" అంటూ ఆ మహానుభావుడు గంభీరంగా సాగిపోతున్నాడు. కొత్త బ్యాటరీ కదా, ఇక సాయంత్రం దాకా మాట్లాడగలడు. ఆటెక్ తెల్లమొహం వేశాడు. "ఇప్పుడెలాగే?" అని సైగ చేశాడు.

జిన్‌జి తెర వైపు చూసింది. డెబ్భై తొమ్మిది. ఆవిడకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. సేనాపతిని తొడుక్కున్న కుడి చేతిని మెల్లగా కిందికి దించింది. ఆ బొమ్మ బుల్లి చేతితోనే మీట నొక్కింది.

"చాల్లే నాన్నా, కాసేపు చెయ్యి దించుకో," అంది.

తర్వాత సేనాపతిని పైకెత్తి, గొంతు సవరించుకుంది.