తొడ కింద ముక్క

మా చిన్నప్పుడు కర్నూలు పడమటి పల్లెల్లో భయానికి వైద్యం ఉండేది కాదు. జ్వరానికి కషాయం ఉండేది, తేలు కుడితే మంత్రం ఉండేది. భయమేస్తోందని నోరు జారిన మగపిల్లవాడికి మాత్రం వీపు మీద ఒక చరుపు, ఆపైన వీధంతా ఒక నవ్వు. అందుకే మేమంతా ధైర్యవంతులుగా పెరిగాం. అందరిలోకీ నేను మరీ ఎక్కువ. నల్లమలలో చిరుతపులి నన్ను చూసి దారి తప్పుకుందని ఆత్మకూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. (చెప్పుకునేది నేనే. ఆ ఊరు పోయినప్పుడల్లా చెప్పి వస్తుంటాను.)

అలాంటి నన్ను, దసరా సెలవులకు కడప నుంచి వచ్చిన మా కూతురి కూతురు, "తాతా, నీకు దేనికి భయం?" అని నిలదీసింది. ఊరికే అడగలేదు. నా కుడికంట్లో శుక్లం ముదిరింది. ఇంకా ఆలస్యం చేస్తే కన్ను దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. నేనేమో ఎండలు తగ్గనీ, వాన పడనీ, పడిన వాన నిలవనీ అంటూ ఆపరేషన్ వాయిదా వేస్తున్నాను. ఆ రోజు పొద్దున తీగ మీద ఆరేసిన నా చొక్కానే చూసి, "రాప్పా, కూర్చో, శానా దినాలకు వచ్చినావు" అని మర్యాద చేశాను. అది ఆ పిల్ల కంటబడింది.

సంచీలోంచి ఒక కార్డుల కట్ట తీసింది. మన పేక ముక్కలకంటే పొడుగు, ప్రతిదాని మీదా ఒక బొమ్మ. టారో కార్డులట.

"జోస్యమా? మరి చిలక యాడ పాపా?" అన్నాను.

"జోస్యం కాదు తాతా. రేపు ఏమైతాదో ఇవి చెప్పవు. ఒక ముక్క తీసి, బొమ్మ చూస్తే ఏం గుర్తొస్తాదో నువ్వే చెప్పాల. పరీక్షలప్పుడు నేనూ ఇట్లే చూసుకుంటా. లోపల దాక్కున్న భయం బయటికొస్తాది."

వంటింట్లోంచి మా ఇంటామె, "ముసలాయనకు మళ్లా పేకాట నేర్పిస్తాండావా పాపా? ఇంగ సుఖమే!" అంది.

రమ్మీలో ఆరితేరిన చెయ్యి కదా, కట్టను చకచకా కలిపి, కోసి, ఒక ముక్క లాగాను. కంటికి ఆనించుకుని చూశాను. ఒక మనిషి తలకిందులుగా, ఒంటికాలితో వేలాడుతున్నాడు. ముఖం మసకగా కనిపించింది, కేకలు పెడుతున్నాడనే అనుకున్నాను. చెయ్యి తన పని తాను చేసేసింది. ఆ ముక్క తొడ కిందికి పోయింది, ఇంకొకటి పైకొచ్చింది. దాంట్లో సింహం!

"చూసినావా? సింహం. మీ తాతకు భయమనేది తెలీదు" అని, ఎప్పుడూ చెప్పే బావి కథ ఎత్తుకున్నాను. మా మేనమామ బావిలో మేకపిల్ల పడితే, ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తుంటే, నేను తలకిందులుగా దూకి, దాన్ని చంకలో పెట్టుకుని ఈదుకుంటూ వచ్చిన కథ. (మొదట్లో అది కోడిపెట్ట. ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది.)

అంతా విని, "కత బాగుండాది తాతా. తొడ కింద ముక్క ఎప్పుడు తీస్తావు?" అంది.

"ఏ ముక్క?"

"రమ్మీలో నన్ను మోసం చేస్తావు, సరే. దీంట్లో ఎవుర్ని మోసం చేస్తాండావు? ఈడ ఇంగొక ఆటగాడే లేడు గదా."

ముక్క తీసి ముందు పెట్టాను. బావిలో అసలేం జరిగిందో ఆ పూట మొదటిసారి చెప్పాను.

మా వైపు ఈత నేర్చుకునే పిల్లల వీపుకు బెండు కట్టేవాళ్లు. బెండంటే ఎండిన కిత్తలి కాడ ముక్క, నీళ్లలో మునగదు. రోజురోజుకూ దాన్ని కాస్త కోసి చిన్నది చేస్తారు, చివరికి అది లేకుండానే దూకాలి. నా ఈడువాళ్లంతా బెండు విప్పేశారు. నాకు భయం. ఆ మాట చెప్పడానికి ఇంకా భయం. అందుకని అందరి ముందూ వట్టి వీపుతో కనబడి, పెద్ద బెండొకటి నిక్కరు లోపల, వెనకవైపు దోపుకుని దూకాను. వీపు మీద కట్టాల్సిన బెండు పిరుదుల దగ్గర ఉంటే ఏమవుతుందో నాకు తట్టలేదు. నడుము పైకి తేలింది, తల లోపలికి పోయింది, కాళ్లు ఆకాశంలో తన్నుకున్నాయి. ఊరంతా గట్టు మీద నిలబడి చూసిన మాట నిజం. మామ దూకి, దొరికిన ఒక్క కాలూ పట్టుకుని, తలకిందులుగానే నన్ను మెట్ల మీదికి లాగాడు. మేకపిల్ల లేదు, కోడిపెట్టా లేదు. మెట్ల మీంచి మామ చంకలో పెట్టుకుని పైకి తెచ్చింది నన్నే.

పిల్ల పడీ పడీ నవ్వింది. వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగింది. "మామ కొట్టినాడా?" అని పిల్ల అడిగింది.

"లేదు పాపా. 'భయమైతే చెప్పాల గదరా అల్లుడా, చెప్పింటే నేనే పట్టుకుంటాంటి గదా' అన్నాడు."

ఆ మాట బయటికి అన్నాక, తలకిందుల మనిషి ముక్కను పిల్ల చేతిలో పెట్టాను. తర్వాత, "కన్ను తెరిచి పెట్టుకునుంటే కత్తి ఎదురుగా వస్తాదంట. నాకు శానా భయంగా ఉండాది పాపా" అన్నాను.

"అంతే గదా తాతా. పా, నేను పట్టుకుంటా" అంది.

ఆపరేషన్ అయింది. డాక్టరుకు చెయ్యి వణికితే, "ఏం కాదులేప్పా, కానీ" అని నేనే ధైర్యం చెప్పానని మా వీధి టీ అంగడిలో అందరికీ తెలుసు. (మీకు మాత్రం నిజం చెబుతాను. ఆసుపత్రివాళ్లు పిల్లను లోపలికి రానివ్వలేదు. నేను నర్సమ్మ వేలు పట్టుకుని, "అమ్మా, భయంగా ఉండాది" అన్నాను. "వేలు ఇడిస్తే గదా తాతా, కంట్లో చుక్కలు వేసేది" అందామె. ఇడవలేదు. రెండో చేత్తోనే వేసింది.)

పోతూ పోతూ ఆ తలకిందుల మనిషి ముక్కను నాకే ఇచ్చి పోయింది మనవరాలు. కట్టు విప్పాక కొత్త కంటితో మొట్టమొదట దాన్నే చూశాను. వాడు కేకలు పెట్టడం లేదు. తలకిందులుగా వేలాడుతున్నా, ముఖం నిమ్మళంగా ఉంది, పైన ఎవరో కాలు గట్టిగా పట్టుకున్నారని తెలిసినట్టు. ఇన్నేళ్లూ ఆ బావిలోని పిల్లవాడు కేకలు పెడుతున్నాడనే అనుకుంటూ వచ్చాను. మామ పట్టు దొరికాక వాడి ముఖం కూడా ఇట్లాగే ఉండిందేమో, గట్టు మీదివాళ్లకు కాళ్లు తప్ప ఏమీ కనబడలేదు కదా.