నీరుగంటి మామ నడక

నా చిన్నప్పుడు నా పాదాలు నాకంటే ముందు పెరిగాయి. పన్నెండేళ్లకే మా నాన్న చెప్పులు నాకు సరిపోయేవి. బుర్ర మాత్రం ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. బడి నన్ను వదిలిందో, నేనే బడిని వదిలానో ఇప్పటికీ తేలలేదు కానీ, ఇద్దరమూ సుఖపడ్డాం.

చదువు అబ్బకపోయినా నాకొక విద్య వచ్చు. ఎవరి నడకనైనా ఒక్కసారి చూస్తే దించేసేవాణ్ణి. పిండిమర ఆయన పొట్టను ముందు పంపించి తను వెనక వచ్చే తీరు, పక్కింటి అక్క కొత్త చెప్పులు అందరికీ కనపడేలా వేసే అడుగులు, అన్నీ చేసి చూపించేవాణ్ణి. అందరూ మళ్లీ మళ్లీ అడిగి చేయించుకునేది మాత్రం నీరుగంటి మామ నడక.

మాది హచ్చొళ్ళి పక్కన చిన్న పల్లె. కాలువ కింద వరి. ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. భుజాన పార వేసుకుని పొద్దస్తమానం గట్ల మీద తిరగాలి. వంతు వచ్చినవాళ్ల మడికి నీళ్లు పోయే మడవ తెరవాలి, వంతు అయిపోగానే మట్టి వేసి మూయాలి. పంట చేతికొచ్చాక ఊరు ఇచ్చే వడ్లే ఆయన బతుకు. మా నీరుగంటి మామకు ఎడమ మోకాలు ఎప్పుడో దెబ్బతింది. ఆ కాలితోనే ఇరవై ఏళ్లు గట్లు తిరిగాడు. చివరి మడికి నీళ్లు అందలేదన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఒక సాయంత్రం ఆయన పైమడి మడవ మూసి వెళ్లిపోయాడు. మేము నలుగురం పిల్లలం అక్కడే ఉన్నాం. పచ్చి మట్టి, ఎదురుగా నవ్వడానికి ముగ్గురు. ఇక నన్ను ఎవరాపుతారు? ఎడమకాలు ఎత్తి ఎత్తి వేస్తూ ఆ మడవ మీదే నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. వాళ్లు నవ్విన కొద్దీ గట్టిగా తొక్కాను. కాలి కింద మట్టి కదిలిందని నాకు తెలియలేదు.

తెల్లారేసరికి మడవ తెగి నీళ్లన్నీ పైమడికి పోయాయి. కింది మళ్లలో పొట్ట మీదున్న వరికి చుక్క అందలేదు. ఊరు గట్టు మీద చేరింది. తెగిన చోటుకు అటూ ఇటూ మిగిలిన మట్టిలో కుంటి అడుగులు స్పష్టంగా ఉన్నాయి.

"ఏమప్పా, పైమడోళ్లు నీకేం పెట్టినారు?"

"నేను మూసే పోయినానప్పా," అన్నాడు మామ.

"నీ కాలే చెప్తాండాది గదా, ఇంక నువ్వేం చెప్తావు?"

ఆయన భుజం మీది పార లాగి అక్కడే ఇంకొకడికి ఇచ్చారు. నేను జనం వెనక నిలబడి నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది అదే మొదలు.

అంతలో మా తాతయ్య వచ్చాడు. ఎద్దుల సంతలో ఆయన పళ్లు చూసి ఎద్దును కొనేవాడు కాదు. నాలుగడుగులు నడిపించి, దుమ్ములో పడిన గిట్టల గుర్తులు చూసేవాడు. ఆ మడవ దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఒరేయ్, మామ మాదిరి భలే నడుస్తావంట గదా. ఏదీ, ఈ బురదలో నడువు. అందరూ ఒకసారి నవ్వుకోనీ."

భయం లేక కాదు. కానీ ఊరంతా నా వైపే చూస్తోంది. నా భయం కంటే నా పిచ్చి పెద్దది. నడిచాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అప్పుడు మా తాతయ్య మామ వైపు తిరిగి, "నువ్వు కూడా ఒకసారి నడువప్పా," అన్నాడు.

ఆయన నడిచాడు. ఎవరూ నవ్వలేదు.

"నొప్పి కాలి మీద మనిషి నిలబడడు. అట్ల ఆనించి ఇట్ల తీస్తాడు. బరువంతా మంచి కాలే మోస్తాది, అదే లోతుగా దిగుతాది," అని మా తాతయ్య మామ అడుగులు చూపించాడు. "మడవ మీద చూడండి, కుంటికాలే దిగబడుండాది. ఇది నొప్పి తెలీనోడి కుంటు." ఆ తర్వాత నా అడుగులు చూపించాడు. ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది.

మామ తప్పు లేదని తేలింది. కానీ పార తిరిగి రాలేదు. ఆయన బురదలో కుంటుతూ నడుస్తుంటే ఊరంతా కళ్లప్పగించి చూసింది. ఇరవై ఏళ్లుగా ఆయన పని చూసినవాళ్లు ఆ పూట మొదటిసారి ఆయన కాలు చూశారు. "పాపం, ఆ కాలితో ఎన్నాళ్లని తిరుగుతాడు? సుమ్నె, ఊరికే ఇంటికాడ ఉండనీలే," అన్నారు. అది జాలి. జాలికి ఎదురు చెప్పడం మా తాతయ్యకు కూడా చేతకాలేదు. ఆయన నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఆ లెక్క ఆ రోజే తీరిపోయేదేమో.

ఇప్పుడు నా మోకాళ్లూ అరిగాయి. మెట్లు దిగేటప్పుడు ఏ కాలిని ఎంతసేపు నమ్మాలో నాకు నేనే నేర్చుకుంటున్నాను. పెళ్లిళ్లలో ఇప్పటికీ నన్ను పట్టుకుని నవ్వించమంటారు. గొంతులు దించుతాను, దగ్గులు దించుతాను. నడక మాత్రం దించను. ఎవరి అడుగు చూసినా, అది దేన్ని దాచుకుని పడుతోందో అన్న దిగులే నాకు మిగిలింది.

ఆ గొడవ జరిగిన వారానికి మామ ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. క్షమించమని అడగడం చేతకాక, నాకు చేతనైన వెటకారమే చేశాను. "నీ నడక నాకు సరిగ్గా రాలేదు మామా, అందుకే నువ్వు నింద నుంచి బయటపడినావు."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూసి అన్నాడు: "సరిగ్గా రాకుండానే నా కూడు పోయె గదప్పా. వచ్చింటే ఇంకేం తీసుకుంటాంటివో!"