నేను ఏరి తెచ్చిన పిస్టన్

నవ్వాలనుకునేవాళ్లు కాస్త గట్టిగా కూర్చోండి. మొగుడి బతుకుతెరువును ఒంటిచేత్తో ఇంజన్ గొంతులో ఇరికించిన ఒక మహాతల్లి సంగతి చెప్పబోతున్నాను. ఆ మహాతల్లిని నేనే. ఇవాళ నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు పట్టిన వణుకు ముందు ఢిల్లీ జనవరి చలి ఎందుకూ పనికిరాదు.

మా ఆయన సైన్యంలో డ్రైవరుగా చేసి, రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాడు. ఇక్కడ ఢిల్లీలో పాలం వైపు అద్దెగదుల్లో ఉండే మన తెలుగు నర్సులను ఆసుపత్రి డ్యూటీకి దింపడం, మళ్లీ తీసుకురావడం, అదే మా ఇంటికి ఆధారం. ఒకరోజు ఆ కారు మునిసిపాలిటీ దోమల మందు బండిలా పొగ వదలడం మొదలుపెట్టింది. మెకానిక్ దినేష్ ఇంజన్ విప్పి, పిస్టన్లు మార్చాల్సిందేనన్నాడు. సరిగ్గా ఆ వారమే మా ఆయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. కారూ ఆయనా ఒకేసారి పొట్ట కోయించుకుని పడుకున్నారు.

నడపడానికి ఆయన పాత పటాలం స్నేహితుడు ఒప్పుకున్నాడు. ఇక కారు బాగవడమే తరువాయి. నర్సులు మంచి పిల్లలు. సోమవారం దాకా ఎలాగో ఆటోల్లో వెళ్తామన్నారు. సోమవారం కూడా బండి రాకపోతే వేరే వ్యాను మాట్లాడుకోక తప్పదని, ఆంటీ ఏమీ అనుకోవద్దని కూడా అన్నారు. ఒకసారి వేరే బండి అలవాటైతే వాళ్లు మళ్లీ మన బండెక్కరని మా ఆయన పైకప్పుకేసి చూస్తూ అన్నాడు. ఆయన నా మీద అరిస్తే నాకు భయం లేదు. పైకప్పుతో మాట్లాడితేనే భయం.

పిస్టన్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. మా ఇంజన్‌లో గొట్టాల్లాంటి నాలుగు రంధ్రాలున్నాయి. ఒక్కోదాంట్లో బోర్లించిన గ్లాసులాంటి లోహపు ముక్క పైకీ కిందికీ ఆడుతుంది. అదే పిస్టన్. రంధ్రం అరిగిపోతే బోరింగ్ షాపువాడు దాన్ని చెక్కి కొంచెం వెడల్పు చేస్తాడు. అప్పుడు ఒక సైజు పెద్ద పిస్టన్ పెట్టాలి. మాకు యాభై సైజు పెట్టె తెమ్మన్నాడు దినేష్. బాగా అరిగిన ఇంజన్లకు వంద సైజు ఉంటుందట. అది మనది కాదని మరీ మరీ చెప్పాడు. అసలు తానే వెళ్లి తెస్తానన్నాడు. నేనే ఒప్పుకోలేదు. నడివయసు దాటాక చర్చిలో ఆడవాళ్ల తరగతికి వెళ్లి అక్షరాలు, అంకెలు దిద్దినదాన్ని. మెట్రోలో స్టేషన్ల పేర్లు పైకి చదివి పక్కవాళ్లను విసిగిస్తున్న కాలం అది. పెట్టె మీద అంకె చదవడం నాకొక లెక్కా?

కశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారుకు వెళ్లాను. దుకాణం సర్దార్జీ పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. యాభై అని ఉంది. చదివాను. సరిగ్గానే చదివాను. ఈ సంగతి మీరు మర్చిపోకండి, తప్పు నా చదువుది కాదు.

తప్పు నా చేతిది. పుట్టి బుద్ధెరిగాక నేను ఏరకుండా ఏదీ కొనలేదు. మంగళవారం సంతలో వంకాయను నాలుగు వైపులా తిప్పి చూస్తాను. చేపనైతే మొప్ప ఎత్తి చూడనిదే సంచిలో వేయించుకోను. కూరలవాడు తన చేత్తో వేసిచ్చినవి తెచ్చుకునే ఆడదాన్ని మా అమ్మ మనుషుల్లో కలిపేది కాదు. అలాంటిదాన్ని, పిస్టన్లను చూడకుండా తెస్తానా? పెట్టె విప్పాను. మూడు నిగనిగలాడుతున్నాయి. నాలుగోదాని ఒంటి మీద పుచ్చు వంకాయకున్నట్టు ఒక మచ్చ.

పక్కనే ఇంకో పెట్టె తెరిచి ఉంది. మా కారులాంటి కారే ఉన్న ఒక హర్యానా ఆసామీ కొనుక్కున్నది అది. మీసాలు చీపురుకట్టల్లా ఉన్నాయి. ఆయనా, సర్దార్జీ ఇద్దరూ వెనక్కి తిరిగి అరలో ఇంకేదో వెతుకుతున్నారు. ఆయన పెట్టెలో ఒక పిస్టన్ బంగినపల్లి మామిడిపండులా నిండుగా, బరువుగా కనిపించింది. నా చెయ్యి నన్ను అడగలేదు. మచ్చది అటు వెళ్లింది, మంచిది ఇటు వచ్చింది. ఆయన పెట్టె మీద ఏ అంకె ఉందో మాత్రం చదవలేదు. మన పెట్టె కాదు కదా, మనకెందుకు?

బోరింగ్ షాపువాడు పైనున్న ఒక పిస్టన్ కొలిచి, నాలుగు రంధ్రాలూ దాని ప్రకారమే చెక్కాడు. శనివారం పొద్దున దినేష్ ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నాడు. వెళ్లాను.

"ఆంటీ, మూడు దిగాయి. నాలుగోది దిగనంటోంది."

"కాస్త నూనె రాయి భయ్యా."

"రాశాను."

"పోనీ, గట్టిగా నొక్కు."

"ఆంటీ, ఇది ఇంజన్. పెళ్లికెళ్లేటప్పుడు సర్దే సూట్‌కేసు కాదు."

ఆ పిస్టన్‌ను తిప్పి నెత్తి చూపించాడు. వంద అని గుద్ది ఉంది. చదవడం నేర్చుకున్నందుకు మొదటిసారి బాధపడ్డాను. ఎవరో పెట్టెలు కలిపేశారని, దుకాణానికి ఫోన్ చేసి కడిగేస్తానని దినేష్ సెల్ తీశాడు. వద్దని దాదాపు కాళ్లు పట్టుకున్నంత పని చేసి, నేనే వెళ్లి మార్చుకొస్తానన్నాను. రేపు బజారు బంద్, సాయంత్రంలోగా తేకపోతే సోమవారం కారు లేదని హెచ్చరించాడు. బయల్దేరబోతూ, గొంతు వీలైనంత మామూలుగా పెట్టి అడిగాను.

"అవును గానీ, కొత్త పిస్టన్ మీద మచ్చ ఉంటే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. తుప్పు పట్టకుండా పూసే నూనె మరక అది. గుడ్డతో తుడిస్తే పోతుంది."

గుడ్డతో తుడిస్తే పోయేదానికి నేను నా సంసారాన్నే తుడిచేసుకున్నానన్నమాట. మెట్రోలో తనిఖీ మిషన్ నా చేతిసంచి దగ్గర ఆగిపోయింది. ఏమిటిదని సిపాయి అడిగితే పిస్టన్ అన్నాను. మీకెందుకన్నాడు. నాక్కూడా అదే అర్థం కావడం లేదని చెప్పాలనిపించింది. దారి పొడుగునా నర్సులు వేరే వ్యాను ఎక్కుతున్నట్టు, మా ఆయన శేషజీవితమంతా పైకప్పుతోనే మాట్లాడుతున్నట్టు కళ్లకు కట్టింది.

దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో చీపురుకట్ట మీసాలాయన. వంద సైజు పెట్టెలో యాభైది పెట్టి మోసం చేశావని, అది తన ఇంజన్‌లో గజ్జెలా ఆడుతోందని సర్దార్జీ మీద విరుచుకుపడుతున్నాడు. సర్దార్జీ తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్లు వేస్తున్నాడు. పెట్టె బల్ల మీద తెరిచి ఉంది. మచ్చతో సహా నా పిస్టన్ అందులోంచి నన్నే చూస్తోంది.

నిజం చెప్పేసి ఉంటే గౌరవంగా ఉండేది. కానీ భయం నిండినచోట బుద్ధికి జాగా ఉండదు. వాళ్లు అరుచుకుంటుండగా ఎవరికీ తెలియకుండా మళ్లీ మార్చేద్దామని మెల్లగా చెయ్యి చాపాను. సర్దార్జీ అరచెయ్యి బల్ల మీద ధన్‌మని పడింది.

"బెహన్‌జీ, మీ చేతిలో ఏమిటది?"

"ఈయనది."

"మరి పెట్టెలో ఉన్నది?"

"నాది."

"అది ఇందులోకి ఎలా వచ్చింది?"

"మచ్చ ఉందని... మార్చుకున్నాను జీ."

మూగిన జనమంతా నావైపు తిరిగారు. ఇక పోలీసులే అనుకున్నాను. సర్దార్జీ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ దుకాణంలో చాలామంది దొంగలను చూశాను. ఒకటి ఎత్తుకెళ్లి, దాని చోట ఇంకోటి పెట్టి వెళ్లే దొంగను మాత్రం ఇప్పుడే చూస్తున్నాను."

మీసాలాయన నా దగ్గరికి వచ్చాడు. కొడతాడేమోనని కళ్లు మూసుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, గుట్టుగా అడిగాడు.

"తాయీ, నా పెట్టెలోంచి ఒకటే తీసుకున్నావు. మిగతా మూడూ ఎందుకు వదిలేశావు? వాటిలో ఏం లోపం ఉంది?"

ఏమీ లేదన్నా నమ్మలేదు. ఇంకో రెండు పెట్టెలు తీయించి, నాలుగు మంచివి ఏరిపెట్టమని నన్ను బతిమాలాడు. సర్దార్జీ పెట్టెలన్నీ గుండెలకు హత్తుకుని, నా పిస్టన్ నా చేతిలో పెట్టి, నన్ను రోడ్డు దాటేదాకా సాగనంపాడు. మర్యాదతో కాదు.

సాయంత్రానికి నాలుగోది కూడా దిగింది. ఆదివారమంతా దినేష్ ఇంజన్ బిగించాడు. సోమవారం పొద్దున నర్సులు ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారు. వాళ్లను దించి కారు తిరిగొచ్చేసరికి దినేష్ కూడా వచ్చాడు, ఇంజన్ శబ్దం వినడానికి. బజారులో జరిగినదంతా సర్దార్జీ ఫోన్‌లో చెప్పగా అతనికి అప్పటికే తెలిసిపోయింది. మా ఆయనకు మొత్తం చెప్పేశాడు. నేను తలుపు వెనక నిలబడి తొంగిచూశాను. ఆయన పైకప్పుకేసి చూడలేదు. కుట్లు పట్టుకుని, నవ్వలేక, నవ్వు ఆపుకోలేక, "చంపకే తల్లీ" అంటూ కన్నీళ్లు పెట్టుకున్నాడు.

తేరుకున్నాక, గోడ పట్టుకుని కారు దాకా నడిచొచ్చి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తేగానీ క్షమించనన్నాడు. నేను కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని, పెళ్లినాటి ప్రమాణమంత శ్రద్ధగా మొదలుపెట్టాను. "నేను బతికినంతకాలం పిస్టన్లను ఏరను. అలాగే వంకాయలనూ, చేపలనూ, మామిడిపండ్లనూ..."

అప్పుడే తిరిగొచ్చిన ఇంజన్ కదండీ, చెయ్యి చుర్రుమంది. వెనక్కి లాగేసుకున్నాను. అందుచేత ఆ ప్రమాణం పిస్టన్లకు మాత్రమే వర్తిస్తుంది.