రికార్డుకు పెదవులుండవు

అలసిన వాళ్లను కూడా ఆదివారానికి చేర్చే దేవునికి స్తోత్రం.

మేడ్చల్‌లో మా సంఘపు తమ్ముడొకడు హార్డ్‌కోర్ పంక్ అనే అరుపుల సంగీతపు అరుదైన రికార్డులు సేకరించేవాడు. వాటిని ముట్టే ముందు మోచేతుల దాకా కడుక్కునేవాడు. గుడిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గరికైనా మేమంత శ్రద్ధగా వెళ్లం.

ఏళ్లుగా వెతికిన రికార్డు చేతికొచ్చేసరికి జబ్బుతో అతని వినికిడి పోయింది. మనుషుల మాట పెదవులు చూసి పోల్చుకునేవాడు. రికార్డుకు పెదవులుండవు. అందుకే పరామర్శకు వెళ్లిన నన్ను కూర్చోబెట్టి పాట పెట్టాడు.

"పాడేటోడు అరుస్తుండా అక్కా?"

"గోడలదురుతున్నయ్ తమ్మీ. గిదేం పాటరా!"

"నవ్వకు. ఎట్లుందో జర జెప్పు."

"మాటలు సమజైతలేవు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మొత్తుకున్నట్టుంది."

"గట్లనే ఉంటదనుకున్న," అని కళ్లు మూసుకున్నాడు.

నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, అతని చెవులు తెరువు. అందాకా మాలో ఎవరినైనా అతని పక్కన కూర్చోబెట్టు.